పువ్వు పూసిన రాయి

బందరులో వెల్ల వేసేవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు గానీ, గోడ మీద మచ్చ కనిపిస్తే అన్నం సహించనివాడు సర్దార్ ఒక్కడే. ఒకసారి ఎవరింటికో పెళ్ళి భోజనానికి వెళ్ళి, పందిరి వెనక గోడ మీద చెమ్మ మరక చూసి విస్తరి ముందు నుంచి లేచిపోయాడని చెప్పుకునేవాళ్ళు. ఇంటావిడ బతిమాలితే, "భోజనానికేముందమ్మా, రేపైనా తింటాను. ముందు ఆ మరక సంగతి చూడనివ్వండి" అన్నాడట. ఇందులో కల్పన ఎంతో తెలియదు. అతని భార్య ఖైరున్ బీని అడిగితే మాత్రం, "తక్కువే చెప్పారు" అనేది.

పొడుగు మనిషి. భుజాలు ముందుకు వంగి ఉండేవి. కనుబొమల మీద ఎప్పుడూ సున్నపు తుంపర్లే. సముద్రపు గుల్లలు కాల్చి తీసిన గుల్లసున్నం తప్ప ఇంకోటి ముట్టేవాడు కాదు. దాన్ని కుండలో నానబెట్టి, పాత పంచెలో వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపి, కుంచె ముంచే ముందు బిస్మిల్లా అనేవాడు. అతను వెల్ల వేసిన గోడని మిట్టమధ్యాహ్నం చూడాలంటే కళ్ళు చికిలించుకోవాల్సిందే. ఆ తెలుపంటే అతనికి వల్లమాలిన గర్వం. చివరికి ఆ గర్వమే కొంప ముంచింది.

సర్దార్‌కి ఒక్కతే అక్క, ఆమినా బీ. తల్లి పోయిన పిల్లాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. ఆమె భర్త బాజి బందరు కాలవలో పడవ నడిపేవాడు. బెజవాడ కొండల దగ్గర రాళ్ళు ఎక్కించుకుని, కాలవ గట్ల కోసం అక్కడక్కడా దింపుకుంటూ వచ్చేవాడు. ఈ ప్రాంతంలో ఎంత లోతు తవ్వినా నల్లమట్టే గానీ గులకరాయి దొరకదు. ఇక్కడ రాయి కనిపించిందంటే అది ఏదో ఒకనాడు పడవెక్కి వచ్చిందన్నమాటే.

బాజికీ ఆమినా బీకీ మొదట పుట్టిన పిల్ల జైనాబ్. నాలుగేళ్ళు రాకుండానే జ్వరం వచ్చి పోయింది. ఆ సమయానికి సర్దార్ గుడివాడలో ఒక రైసుమిల్లుకి వెల్ల వేస్తున్నాడు. కబురు తెలిసి వచ్చేసరికి మట్టి కప్పేశారు. బాజి వెంటనే రాయి పెట్టలేదు. తర్వాతి సారి బెజవాడ వెళ్ళినప్పుడు కొండంతా తిరిగి ఒక రాయి ఎంచుకుని పడవలో తెచ్చాడు. ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ పడి ఉన్న రాయి. దాని మీద అప్పడమంత వెడల్పున, అంచులు ముడతలు పడి, పచ్చని పసుపు రంగులో ఒక మచ్చ.

"పిల్లకి పువ్వులంటే ఇష్టం కదా" అన్నాడు బాజి. "ఇదీ పువ్వే. పైగా వాడదు."

ఆ గోరీల దొడ్డిలో కలిగినవాళ్ళకి సిమెంటు గోరీలూ, వాటి మీద పేర్లూ ఉండేవి. లేనివాళ్ళ మూల వేరే. అక్కడ మట్టి దిబ్బ, తలవైపు ఒక బోడి రాయి, అంతే. ఆ పేటలో ఆడవాళ్ళు గోరీల దొడ్డిలోకి అడుగు పెట్టే వాడుక లేదు. పోయినవాళ్ళని తలుచుకునే షబేబరాత్ రోజున మగవాళ్ళు లోపలికి వెళ్ళి ఫాతిహా చదివి వస్తే, ఆడవాళ్ళు గోడ బయటే నిలబడి దువా చేసుకునేవాళ్ళు. ఆమినా బీ గోడ కూలిన చోట నిలబడేది. అక్కడి నుంచి చూస్తే, మాసిన రాళ్ళ మధ్య ఆ పసుపు మచ్చ స్పష్టంగా కనిపించేది. ఆమె పిల్ల దగ్గరికి వెళ్ళడమంటే ఆ మచ్చని చూడడమే. అంతకు మించి దగ్గరికి ఎప్పుడూ వెళ్ళలేదు.

సర్దార్ కంటికి మాత్రం అది పువ్వు కాదు, బూజు. బరాత్‌కి ముందు సిమెంటు గోరీలకి వెల్ల వేయడం అతను మొక్కుబడిలా పెట్టుకున్న పని. ఆ పని చేస్తున్నంతసేపూ మేనకోడలి రాయి చూసి చేతులు దురదపెట్టేవి.

"బావా, ఒక్క పూత వేస్తాను. అందరివీ మెరిసిపోతుంటే మన పిల్లదే మాసినట్టుంది" అన్నాడు ఒకసారి.

"నీ కుంచె దాని దగ్గరికి వచ్చిందంటే చెయ్యి విరగ్గొడతాను" అన్నాడు బాజి. ఇద్దరూ నవ్వుకున్నారు.

తర్వాత లారీలు వచ్చాయి. రాళ్ళు రోడ్డెక్కాయి, కాలవలో పడవలు తగ్గిపోయాయి. బాజి పెళ్ళాన్ని తీసుకుని దివిసీమ వెళ్ళి, నాగాయలంక దాటాక సముద్రపు పాయ మీద రేవు పడవ నడుపుకున్నాడు. అక్కడ ఇద్దరు కొడుకులు పుట్టారు, మీసాలు వచ్చేదాకా పెరిగారు. ఎన్ని పనులున్నా ఏడాదికోసారి బరాత్‌కి ఆమినా బీ బందరు వచ్చి, గోడ దగ్గర కాసేపు నిలబడి, తమ్ముడింట్లో హల్వా తిని వెళ్ళేది.

డెబ్భై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. దాని గురించి ఈ జిల్లావాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమినా బీ చుట్టాలింట్లో పురిటికి సాయంగా గుడివాడ వెళ్ళి ఉండబట్టి మిగిలింది. బాజీ, ఇద్దరు కొడుకులూ పోయారు. సర్దార్ అక్కని వెంటబెట్టుకుని, బురదలో పడుతూ లేస్తూ ఆ ఊరికి చేరేసరికి, దొరికినవాళ్ళందరినీ కరకట్ట పక్కన ఒకే చోట పూడ్చేసి ఉన్నారు. "మీవాళ్ళు ఇక్కడే అమ్మా, నేనే చూశాను" అని ఒక ముసలాయన చూపించాడు. గుర్తుకి తాటిబద్ద పాతి ఉంది. ఆమినా బీ ఆ బద్ద పట్టుకుని కూర్చుంది, ఏడవలేదు. లేపి తీసుకురావడానికి సర్దార్‌కి పొద్దు వాలిపోయింది.

"మా ఇంట్లో ఉండు ఆపా" అని ఎంత మొత్తుకున్నా బందరు రాలేదు. సముద్రం గాలి తగిలే ఊళ్ళో తను ఉండలేనంది. గుడివాడలోనే చుట్టాల వసారాలో ఉంటూ బొంతలు కుట్టుకుని బతకసాగింది. ఏడాది తిరగకముందే సర్దార్‌కి కబురు పంపింది. బరాత్‌కి వస్తున్నానంది.

సర్దార్ ఆ కబురు విని పొంగిపోయాడు. మర్నాడు పొద్దున్నే గోరీల దొడ్డికి వెళ్ళి చూశాడు. ఉప్పెన నీళ్ళు ఇక్కడా నిలిచాయి. దిబ్బలన్నీ చదునైపోయాయి. పేదల మూలకి గుర్తుగా ఉండే తుమ్మచెట్టు వేళ్ళతో లేచిపోతే ఎవరో కట్టెలకి నరుక్కుపోయారు. రాళ్ళు నిలబడే ఉన్నాయి గానీ, అన్నిటికీ పైదాకా ఒకటే బురద పట్టి ఎండి పెచ్చుకట్టింది. అక్క వచ్చి చూసేది ఇదా అనుకున్నాడు. కట్టుకున్నవాడికీ కొడుకులకీ గోరీ అన్నది లేకుండా పోయింది, ఉన్న ఒక్కటీ ఈ బురదలో ఉండాలా అనుకున్నాడు. ఈ ఏడు సిమెంటు గోరీలకే కాదు, లేనివాళ్ళ రాళ్ళకి కూడా వెల్ల వేయాలని అక్కడికక్కడే తీర్మానించుకున్నాడు.

ఇనుప బ్రష్షు తెచ్చి, నీళ్ళు కొట్టి, ఒక్కో రాయీ గీకాడు. ప్రేమ ఎక్కువైనప్పుడు మనిషి చెయ్యి ఆగదు. మచ్చ మాటే మరిచి, బురద పోయాక కూడా గీకాడు. కింద ఏది గరుగ్గా తగిలితే దాన్ని గీకాడు. గీకిన రాయికి గీకినట్టు వెల్ల పూసుకుంటూ పోయాడు. పని ముగిసి, తొట్టి దగ్గర చేతులు కడుక్కోబోతుంటే, సున్నం అంటని చోట అరచేతి గీతల్లో పసుపు పొడి కనిపించింది. ముందు అదేమిటో అర్థం కాలేదు. అర్థమయ్యాక వెనక్కి తిరిగి చూశాడు. మూల మూలంతా పాలు పోసినట్టు తెల్లగా ఉంది. ఆ తెలుపులో ఏ రాయి జైనాబ్‌దో అతనికి తెలియలేదు.

కొంతసేపు రాళ్ళ మధ్య పిచ్చివాడిలా తిరిగాడు. తుమ్మచెట్టు ఉంటే దాన్ని పట్టి చెప్పగలిగేవాడు. ఇన్నేళ్ళూ మచ్చ ఉందిగదా అని వరస ఎప్పుడూ చూసుకోలేదు. రెండు మూడు రాళ్ళకి వెల్ల చెరిపి చూశాడు. కింద బోడి రాయే.

ఆమినా బీ బరాత్ రోజు మధ్యాహ్నానికి దిగింది. చిక్కి సగమైంది. ఇంట్లోకి కూడా రాకుండా నేరుగా గోడ దగ్గరికే నడిచింది. కూలిన చోట నిలబడి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది.

"ఏదిరా?" అంది.

"వెల్ల వేశాను ఆపా. ఉప్పెన బురద పట్టి అసహ్యంగా ఉంటే…"

"మంచి పని చేశావులే. ఏది?"

"అదుగో" అన్నాడు సర్దార్, చెయ్యి ఎటో చూపించి.

"మచ్చ లేదేం?"

"వెల్ల కింద ఉంది."

ఆమె తమ్ముడి మొహంలోకి చూసింది. "నీకు తెలుసుగా, ఏదో?"

తెలియదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అన్నీ పోగొట్టుకుని వచ్చిన మనిషి ఎదురుగా నిలబడి అడుగుతోంది. ఉన్న ఒక్కదాన్నీ నేను తుడిచేశానని ఎలా చెప్పడం? "భలేదానివే ఆపా. నా మేనకోడలి గోరీ నాకు తెలియదా?" అన్నాడు. నవ్వు కూడా తెచ్చిపెట్టుకున్నాడు.

"అయితే లోపలికి వెళ్ళి గుప్పెడు మట్టి తీసుకురా" అంది ఆమినా బీ. "కట్ట దగ్గర మీ బావ పక్కన పోసొస్తాను. దాని తమ్ముళ్ళూ అక్కడే ఉన్నారు. ఇదొక్కతే ఇక్కడెందుకురా? మట్టైనా తండ్రి దగ్గరికి చేరనీ."

ఇందుకే వచ్చింది ఆమె. సర్దార్ లోపలికి వెళ్ళాడు. తిరిగి చూస్తే గోడ దగ్గర నుంచి అక్క చూస్తూనే ఉంది. ఇంక ఆలోచించడానికి లేకుండా, తను ఇందాక చెయ్యి చూపించిన వైపున్న ఒక రాయి ముందు కూర్చుని, బిస్మిల్లా అని గుప్పెడు మట్టి తీశాడు. ఆమె దాన్ని పైట కొంగున ముడేసుకుంది. ముడిని ఒకసారి పెదాలకి ఆనించుకుంది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పకుండా బస్టాండుదాకా వెళ్ళి అవనిగడ్డ బస్సెక్కించి వచ్చాడు.

ఆ తర్వాత సర్దార్ పని సన్నగిల్లింది. కుంచె ముంచి, గోడ ముందు నిలబడి, ఏదో వెతుకుతున్నట్టు చూస్తూ ఉండిపోయేవాడు. ఖైరున్ బీకి చెప్పుకున్నాడు. ఆమె విని, "ఆవిడ మనసు కుదుటపడిందిగా, ఇంక కదిలించకండి" అంది. కుదుటపడిన మాట నిజమే. గుడివాడ నుంచి వచ్చినవాళ్ళు, ఆమినా బీ ఇప్పుడు వేళకి తింటోందనీ, నలుగురితో మాట్లాడుతోందనీ చెప్పేవాళ్ళు. వినడానికి సంతోషంగానే ఉండేది గానీ, విన్న రోజు సర్దార్‌కి అన్నం దిగేది కాదు.

ఆ చలికాలం బచ్చుపేటలో సుభాషిణి గారి ఇంటికి వెల్ల వేస్తున్నాడు. ఆవిడ కాలేజీలో మొక్కల పాఠం చెప్పే లెక్చరరు. దొడ్డి మెట్టు రాయి మీద బూడిద రంగు మచ్చ చూసి, పాత అలవాటున బ్రష్షు ఎత్తాడు.

"ఆగు ఆగు సర్దార్! అది గీకకు. దాన్ని మా పిల్లలకి చూపించడానికి ఉంచుకున్నాను" అంది ఆవిడ.

"బూజండీ."

"బూజు కాదు. లైకెన్ అంటారు. ప్రాణం ఉన్నది. ఒక్క ప్రాణం కూడా కాదు, రెండు. బూజు జాతిదీ పాచి జాతిదీ కలిసి కాపరం పెట్టాయనుకో. వీటిల్లో కొన్ని చెట్టు మీద ఉంటాయి, కొన్ని రాతి మీదా మట్టి మీదా. ఆ మట్టి మీదవి చూస్తే ఎండిన పెచ్చు అనుకుని తొక్కుకుంటూ పోతాం."

సర్దార్ బ్రష్షు కింద పెట్టాడు. "పసుపువి కూడా ఉంటాయా అండీ?"

"కొండరాళ్ళ మీద బోలెడు."

"గీకేస్తే మళ్ళీ వస్తాయా?"

"అప్పడమంత కావాలంటే మనిషి ఆయుష్షు పడుతుంది. మొత్తం గీకేస్తే ఇంక నువ్వూ చూడవు, నేనూ చూడను. ఏ సందులోనో కాస్త మిగిలితే మాత్రం, అది బతికే ఉంటుంది" అంది ఆవిడ. సర్దార్ మొహం చూసి, "ఏం, ఎందుకలా అడిగావు?" అంటే, ఏమీ లేదండీ అని లోపలి గదికి పోయి వెల్ల వేసుకున్నాడు. గోడవైపు తిరిగి ఏడ్చాడు.

అప్పటి నుంచి రోజూ గోరీల దొడ్డికి వెళ్ళేవాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో రాయీ తడిమేవాడు. మతి చలించిందని కొందరు, భక్తి ముదిరిందని కొందరు అనుకున్నారు. డెబ్భై తొమ్మిదిలో తొలకరి వానలకి అతని గుల్లసున్నం కరిగి చారలు చారలుగా కారిపోయింది. జీవితమంతా తన వెల్ల నిలవాలని కోరుకున్నవాడు, ఆ ఏడు అది పోవాలని వాన కోసం ఆకాశం చూశాడు.

బరాత్ ఇంకా వారముందనగా కనిపించింది. ఒక రాయి అడుగున, బ్రష్షు అందని పగులులో, ఆవగింజంత పసుపు. వేలితో ముట్టుకోబోయి, భయమేసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. తర్వాత తల తిప్పి, తను నిరుడు మట్టి తీసిన రాయి ఎక్కడుందో చూశాడు. అది ఇటుపక్క కాదు, అవతలి వరసలో ఉంది.

ఈసారి ఖైరున్ బీని అడగలేదు. ఆ రాయి ముందు గుప్పెడు మట్టి తీసి, ఉతికిన జేబురుమాల్లో మూట కట్టుకుని గుడివాడ రైలెక్కాడు.

ఆమినా బీ వసారాలో కూర్చుని బొంత కుడుతోంది. తమ్ముణ్ణి చూసి మొహం విప్పారింది. "రారా, రా. నేనే బయల్దేరుదామనుకుంటున్నా" అంది. సర్దార్ కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు. బ్రష్షు, పసుపు పొడి, తెలియకపోయినా తెలుసని అన్న మాట, ఏదో ఒక గోరీ ముందు తీసిన మట్టి. చెప్పడం అయ్యాక మూట విప్పి ఆమె ముందు పెట్టాడు.

"ఇది జైనాబ్‌ది ఆపా. ఇది నిజం. పద, ఇప్పుడే వెళ్దాం. బావ దగ్గర నేనే పోసి, క్షమాపణ కూడా చెప్పుకుంటాను."

ఆమె సూది బొంతలో గుచ్చి వదిలేసింది. మట్టి వైపు చూస్తూ, "ఎక్కడ పోస్తావు?" అంది.

"అదే, కట్ట దగ్గర…"

"వేసవిలో కట్ట ఎత్తు చేశార్రా. లారీలతో మట్టి తెచ్చి పోశారు. తాటిబద్ద లేదు, చూపించిన ముసలాయనా లేడు. మొన్న వెళ్ళి ఈ కొస నుంచి ఆ కొసకి నడిచాను. మా వాళ్ళు ఎక్కడున్నారో నాకే తెలియడం లేదు."

సర్దార్ కూలబడిపోయాడు. అక్క తిడితే బాగుండునని ఎదురుచూశాడు. ఆమె తిట్టలేదు. ఎవరితోనో అన్నట్టు మెల్లిగా అంది.

"ఆ రోజే తెలీదని చెప్పి ఉంటే, అన్ని రాళ్ళ దగ్గరా తలా ఒక చిటికెడు తెమ్మనేదాన్ని కదరా. అందరూ ఎవరో ఒకరి పిల్లలే. అందులో నా పిల్లా ఉండేది."

ఇంత చిన్న ఉపాయం తనకి తట్టలేదు. చెప్పి ఉంటే ఆమెకి తట్టేది. సర్దార్ మట్టిని మళ్ళీ మూట కట్టి, బందరు తెచ్చి, తీసిన చోటే పోశాడు.

ఆ ఏడు బరాత్‌కి ఆమినా బీ వచ్చింది. వస్తుందని అతను అనుకోలేదు. గోడ కూలిన చోట నిలబడి, వాన చారలు పడిన రాళ్ళ వైపు చూసింది. అంత దూరం నుంచి ఆవగింజంత మచ్చ ఎవరికీ కనబడదు.

"ఏదిరా?" అని కేకేసింది.

సర్దార్ లోపల రాళ్ళ మధ్య నడిచి వెళ్ళి, ఆ రాయి పక్కన నిలబడి, దాని మీద చెయ్యి వేశాడు. ఆమె కొంగు తల మీదికి లాక్కుని, రెండు చేతులూ ఎత్తి దువా మొదలుపెట్టింది. అది ముగిసి, ఆమె మొహం తుడుచుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయేదాకా సర్దార్ ఆ చెయ్యి తియ్యలేదు.